పాత బేస్ గిటార్ కొనేముందు నెక్ విప్పి చూడండి

విజయనగరంలో ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయిస్తూ ముప్పై ఏళ్ళు గడిపాను. పెళ్ళిళ్ళు, పైడితల్లమ్మ పండగ స్టేజీలు, డిసెంబరు వస్తే చర్చి ప్రోగ్రాములు. ఇప్పుడు స్టేజీలు తగ్గించుకుని ఇంటి దగ్గరే గిటార్లు బాగుచేస్తున్నాను. కుర్రాళ్ళు తరచూ ఫోన్ చేసి, "అన్నా, పాత ఫెండర్ బేస్ ఒకటి దొరికింది, ఒరిజినలేనా?" అని ఒక ఫొటో పంపుతారు. ఫెండర్ అంటే బేస్ గిటార్లకు పేరుమోసిన అమెరికా కంపెనీ. ఆ ఫొటో ఎప్పుడూ ముందు వైపుదే. ముందు వైపు చూసి నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. బేస్ వయసు దాని వెనక, లోపల రాసి ఉంటుంది. అది చదవడం పెద్ద విద్యేమీ కాదు. కాస్త ఓపిక, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే చాలు.

నేను మొదట కొన్న పాత బేస్‌తో మోసపోయాను. 1990లలో, వేరే ఊళ్ళో ఒక షాపులో. సన్‌బరస్ట్ రంగు, అద్దంలా మెరుస్తోంది. డెబ్భైల నాటి సరుకన్నారు, నమ్మేశాను. రెండేళ్ళ తర్వాత వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే మీట కింద ఉండే భాగం) పాడైతే మార్చడానికి పిక్‌గార్డ్, అంటే ముందు వైపు ప్లాస్టిక్ పలక తీశాను. సన్‌బరస్ట్ కింద తెల్ల రంగు, తెల్ల రంగు కింద ఎరుపు కనిపించాయి. తీగల కదలికను పట్టే అయస్కాంతపు భాగం, పికప్, కూర్చునే గుంతను ఎవరో ఉలితో వెడల్పు చేశారు. బాడీ ఒకదానిది, నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడుగాటి మెడ) మరొకదానిది. మా అమ్మ గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. ఆ రోజు నుంచి స్క్రూడ్రైవర్ లేకుండా బేస్ చూడడానికి వెళ్ళలేదు.

మన వైపు ఏం దొరుకుతాయో ముందు తెలుసుకోవాలి. ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ 1951లో, జాజ్ బేస్ 1960లో వచ్చాయి. 1965 జనవరిలో ఫెండర్‌ను అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ కొనేసింది. దానికి ముందు తయారైన వాటికి ధర చాలా ఎక్కువ. అలాంటిది శ్రీకాకుళం జిల్లాలో ఎవరింటి అటక మీదో దొరుకుతుందని ఆశ పెట్టుకుని తిరగకండి. మన దగ్గరికి పాత బేసులు వచ్చే దారులు రెండే. ఒకటి హౌరా లైను. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాలు చేసి రిటైరైన మన వాళ్ళు అక్కడి నుంచో, కోల్‌కతా రవీంద్ర సరణి షాపుల నుంచో తెచ్చుకున్నవి. రెండోది ఓడల్లో పనిచేసిన వాళ్ళు విదేశాల్లో కొని తెచ్చినవి. రెండు దారుల్లోనూ నాకు ఎక్కువగా తగిలినవి జపాన్ బేసులే: ఐబనీజ్, యమహా. యమహా బీబీ సిరీస్ 1977లో మొదలైంది. ఆ కాలపు జపాన్ పనితనం చాలా గట్టిది. ఫెండర్ కాదని వాటిని తక్కువగా చూడొద్దు.

కోల్‌కతాలో తయారైన గివ్‌సన్, హాబ్‌నర్, గిబ్‌టోన్ కూడా దొరుకుతాయి. అమ్మే మనిషి తెలియక "గిబ్సన్ అండి" అనవచ్చు. గిబ్సన్ అమెరికా కంపెనీ, ఇది వేరు. నేను చేతులు తిప్పడం నేర్చుకున్నది అలాంటి దేశవాళీ గిటార్ మీదే, అందుకే వాటి మీద నాకు గౌరవం. కానీ హెడ్‌స్టాక్ (నెక్ చివర, తీగలు బిగించే కీలుండే తల) మీద పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి. ఒక్క అక్షరం తేడాతో ధర ఎక్కడికో వెళ్ళిపోతుంది.

మరొక సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. మీరు వాయించడానికి కొంటున్నారా, దాచుకోవడానికా? వాయించడానికైతే ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు పట్టీలు) మార్చినా, కీలు మార్చినా పరవాలేదు, ధర తగ్గితే మీకే మంచిది. దాచుకోవడానికైతే ప్రతి స్క్రూ లెక్కలోకి వస్తుంది. ఈ రెండూ కలిపేసుకున్నవాళ్ళే ఎక్కువ నష్టపోతారు.

నా సంచిలో ఉండేవి ఇవి: తల సరిగ్గా పట్టే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. టార్చి, మల్టీమీటర్, అడుగు స్టీలు స్కేలు, టేపు, చిన్న కాపో (తీగలను నెక్‌కు అదిమిపట్టే క్లిప్పు), జాక్ వైరు, బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్. పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటి. పికప్ గుంత మూలలు చూడడానికి దాన్ని మించింది లేదు. వెళ్ళేది పగటి పూటే వెళ్ళండి. ట్యూబ్‌లైటు కింద కొత్త రంగు, పాత రంగు ఒకేలా కనిపిస్తాయి.

కూర్చోగానే బేస్ మీద పడొద్దు. ముందు మనిషితో మాట్లాడాలి. ఎవరు కొన్నారు, ఎక్కడ, ఎన్నాళ్ళు వాయించారు, ఎక్కడ ఉంచారు? శ్రీకాకుళం వైపైతే నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: తిత్లీ తుఫాను అప్పుడు ఇంట్లోకి నీళ్ళొచ్చాయా? 2018 అక్టోబరులో పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఎన్ని ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయో మనకు తెలుసు. తడిసిన బేస్ ఆరాక పైకి బాగానే ఉంటుంది. పికప్‌లో ఉండే అయస్కాంతపు బొడిపెలు మాత్రం తుప్పు పడతాయి. ఆ తుప్పు లోపల జుట్టు కన్నా సన్నటి తీగను తినేసి, ఒక రోజు పికప్ మూగబోతుంది. ఆ మాట దాచకుండా చెప్పిన మనిషి మిగతావీ నిజమే చెబుతాడని నాకు నమ్మకం కుదురుతుంది.

ఇక విప్పడం. ఇదెలాగో ఒక అనుభవంతో చెబుతాను.

కిందటి ఏడు ఆమదాలవలస నుంచి మా మేనల్లుడికి కబురొచ్చింది. వాడు చర్చి బ్యాండులో బేస్ వాయిస్తాడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర 1966 నాటి ఫెండర్ జాజ్ బేస్ ఉందట, అమ్ముతారట. ఇద్దరం పాసింజరు ఎక్కి వెళ్ళాం. పెద్దాయన ప్లైవుడ్ పెట్టె తెరిచి, పాత దుప్పటి మడత తీసి, బేస్‌ను రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి మంచం మీద పెట్టారు. హెడ్‌స్టాక్ మీద ఫెండర్ అనే ఉంది. 1984లో కోల్‌కతాలో కొన్నారట. రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఫంక్షన్లలో పదిహేనేళ్ళు వాయించారట.

"మాస్టారూ, మీకు అభ్యంతరం లేకపోతే నెక్ విప్పి చూస్తాను. ఉన్నది ఉన్నట్టు మళ్ళీ బిగించి ఇస్తాను" అన్నాను. అడగకుండా స్క్రూ మీద చెయ్యి వేయకూడదు. ఎదుటివాళ్ళు వద్దంటే బలవంతం చేయొద్దు. అప్పుడు దాన్ని పాత వస్తువు ధరకు కాకుండా వాయించే వస్తువు ధరకే అడగండి, లేదా నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆయన సరే అన్నారు.

నెక్ విప్పేముందు తీగలు పూర్తిగా వదులు చేయాలి. మొదటి ఫ్రెట్ మీద కాపో బిగిస్తే తీగలు కీల నుంచి ఊడిపోవు, మళ్ళీ చుట్టుకునే పని ఉండదు. తర్వాత వెనక నెక్‌ను బాడీకి బిగించే ఇనుప ప్లేటు స్క్రూల తలలు చూడండి. ప్లస్ గాడి అంచులు చెక్కుచెదరకుండా ఉంటే నెక్‌ను ఎక్కువసార్లు విప్పలేదన్నమాట. గాడి నలిగి గుండ్రంగా అయిపోతే ఎందరో విప్పారు, ఎందుకు విప్పారో అడగాలి.

నేను స్క్రూలు చూస్తుండగానే మేనల్లుడు ప్లేటు మీద నంబరు చదివాడు. "మావయ్యా, హెచ్ అని ఉంది, తర్వాత 76, ఇంకో నాలుగంకెలు."

నాకు అక్కడే సంగతి అర్థమైంది. 1966 ఫెండర్ ప్లేటు మీద పెద్ద ఎఫ్ అక్షరం, ఆరంకెల నంబరు ఉంటాయి. ఫెండర్ 1976 వరకు నంబరు ప్లేటు మీదే వేసి, తర్వాత హెడ్‌స్టాక్ మీదకు మార్చింది. అక్కడ ఎస్ 7 అని మొదలైతే 1970ల చివరిది, ఈ అని మొదలైతే 1980లది. ముందొక అక్షరం, తర్వాత ఆరంకెలు ఉండే పద్ధతి ఐబనీజ్ వాళ్ళది. 1975లో మొదలుపెట్టారు. అక్షరం నెల: ఏ అంటే జనవరి, బి ఫిబ్రవరి, అలా ఎల్ వరకు. తర్వాతి రెండంకెలు సంవత్సరం. హెచ్ ఎనిమిదో అక్షరం కాబట్టి ఆ బేస్ 1976 ఆగస్టుది.

నంబరు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ప్లేటు నాలుగు స్క్రూలతో ఊడి వచ్చేది, ఎవరైనా మార్చవచ్చు. పెద్దాయనతో ఏమీ అనకుండా నెక్ విప్పాను. నెక్ అడుగున పెన్సిల్‌తో గానీ, సిరా ముద్రతో గానీ తేదీ లేదు. 1960ల ఫెండర్‌లో అక్కడే తేదీ ఉంటుంది. 1962 వరకు పెన్సిల్ రాత, ఆ తర్వాత నెల, సంవత్సరం, చివర ఒక అక్షరం ఉన్న ముద్ర. ఆ చివరి అక్షరం నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర నెక్ వెడల్పు చెబుతుంది. ఏ అంటే అంగుళంన్నర. సి అంటే పావు తక్కువ రెండంగుళాలు. జాజ్ బేస్ సన్నం, పాత ప్రెసిషన్ వెడల్పు, టేపు పెట్టి కొలవండి. నెక్ కూర్చునే గుంతలో గట్టి కాగితం ముక్క కనిపిస్తే కంగారు పడొద్దు. ఫెండర్ ఫ్యాక్టరీలోనే వంపు సరిచేయడానికి అలాంటివి పెట్టేవారు.

అప్పుడు హెడ్‌స్టాక్ చూశాను. మేనల్లుణ్ణి టార్చి పక్క నుంచి, దాదాపు చెక్కకు ఆనించి పట్టుకోమన్నాను. స్టిక్కర్ అంచు గోటికి తగిలింది. అది ఒక్కటే రుజువు కాదు, 1960ల ఫెండర్లలో కూడా స్టిక్కర్‌ను వార్నిష్ మీదే అతికించేవారు. కానీ ఆ ఏటవాలు వెలుతురులో, ఫెండర్ అనే అక్షరాల వెనక ఇంకో వరస అక్షరాల ఆకారం కనబడింది. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలి చుట్టుపక్కల వార్నిష్ తేనె రంగుకు తిరిగింది. పాత పేరు ఉన్నచోట మాత్రం చెక్క లేత రంగులోనే ఉండిపోయింది. గోడ మీద ఏళ్ళుగా ఉన్న ఫొటో తీసేస్తే వెనక సున్నం తెల్లగా ఉన్నట్టు. నెమ్మదిగా కూడబలుక్కుంటే ఐబనీజ్ అని చదవగలిగాం.

పిక్‌గార్డ్ కూడా తీశాను. పికప్ అడుగున మాక్సన్ అని ఉంది. ఆ రోజుల్లో ఐబనీజ్‌కు పికప్‌లు చేసిచ్చింది మాక్సనే. టంకం చుక్కలు ఒక్కటీ కదిలించినవి కావు, అన్నీ ఒకే రకంగా బూడిద రంగుకు వచ్చాయి. స్క్రూ రంధ్రాలు ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. రంగు గుంతల్లోకి కారిన తీరు ఫ్యాక్టరీదే. ఫ్రెట్లు మాత్రం మూడు, అయిదు, ఏడు దగ్గర బాగా అరిగాయి. పదిహేనేళ్ళ చేతి రాపిడి అది.

పెద్దాయనకు ఎలా చెప్పాలో కాసేపు తోచలేదు. నెక్ బిగించి, తీగలు సరిచేసి అప్పుడు చెప్పాను. "మాస్టారూ, ఈ బేస్‌లో అబద్ధం ఆ స్టిక్కరొక్కటే. మిగతాదంతా జపాన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. మీరు ఏ ఒక్కటీ చెడగొట్టలేదు." ఆయన చాలాసేపు హెడ్‌స్టాక్ వైపే చూశారు. "వాయిస్తే మాత్రం బాగుండేది బాబూ" అన్నారు. నిజంగానే బాగుంది. ఆ డెబ్భైల జపాన్ కాపీలు అంత బాగా ఉండబట్టే 1977లో గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్ కోర్టుకెక్కింది. గిబ్సన్ హెడ్‌స్టాక్ ఆకారాన్ని వాడారంటూ అమెరికాలో ఐబనీజ్ అమ్మే కంపెనీ మీద ఫిలడెల్ఫియాలో దావా వేసింది. ఆ సంగతి కూడా ఆయనకు చెప్పాను. 1976 ఐబనీజ్‌కు ఎంత ఇవ్వాలో అంత ఇచ్చి మేనల్లుడు తీసుకున్నాడు. అందరూ ఒరిజినల్ అంటే ఫెండర్ అనుకుంటారు. కాదు. ఏ పేరుతో పుట్టిందో ఆ పేరు ముక్కలే దాని మీద ఉంటే ఒరిజినల్.

ఇక నిజంగా ఫెండరే ఎదురైతే ఇంకా కొన్ని చూడాలి.

మొదటిది పాట్ల వెనక ముద్ర. వాల్యూమ్, టోన్ పాట్ల ఇనుప వీపు మీద ఆరో ఏడో అంకెలు కొట్టి ఉంటాయి. మొదటి మూడు తయారీదారు: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. తర్వాత సంవత్సరం, చివరి రెండు అంకెలు వారం. 1376633 అని ఉంటే సీటీఎస్ వాళ్ళు 1966లో 33వ వారంలో చేసిన పాట్. చాలామంది ఇక్కడే పొరపడతారు. పాట్ 1966ది అయినంత మాత్రాన బేస్ 1966ది కాదు. ఆ సంవత్సరం ఫెండర్ పాట్లు గుట్టలుగా కొనేసి 1969 దాకా వాడింది. అంతకుముందు పుట్టలేదని మాత్రమే పాట్ చెప్పగలదు. బేస్ 1964ది అంటూ లోపల 1966 పాట్ కనిపిస్తే, పాట్ అయినా మార్చి ఉండాలి, అమ్మే మాటైనా తప్పు అయి ఉండాలి. నెక్ తేదీ, పాట్ తేదీ, ప్లేటు నంబరు, పికప్ తేదీ అన్నీ పక్కపక్కన ఒక కాగితం మీద రాయండి. కొన్ని నెలల తేడా మామూలే. నాలుగైదేళ్ళు తేడా వస్తే ముక్కలు కలిపి చేసిన బేస్ అనుకోవాలి.

టంకం దగ్గర ఎక్కువసేపు ఆగండి. పాత టంకం కాంతి తగ్గి, కాస్త మసిబారి ఉంటుంది. తళతళ మెరిసే చుక్క కనిపిస్తే దాన్ని ఈమధ్య కరిగించారు. జాక్ దగ్గర అలా ఉంటే పట్టించుకోవద్దు, వాయించే బేస్‌కు జాక్ ఊడడం మామూలు. పికప్ తీగలు పాట్‌కు కలిసేచోట మెరుపు ఉంటే పికప్ బయటికి తీశారని అర్థం. 1960ల తీగలకు నూలు తొడుగు ఉంటుంది, ప్లాస్టిక్ తొడుగు తర్వాతి కాలానిది. జాక్‌లో వైరు పెట్టి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, మల్టీమీటర్‌తో కొలవండి. ప్రెసిషన్‌లో రెండు ముక్కలుగా ఉండే స్ప్లిట్ పికప్ 10, 11 కిలో ఓములు చూపిస్తుంది, జాజ్ పికప్ ఒక్కొక్కటి 7, 8. జాజ్‌లో రెండు వాల్యూములూ పెంచి కొలిస్తే సరైన లెక్క రాదు, ఒకదాన్ని పెంచి రెండోది పూర్తిగా తగ్గించి విడివిడిగా కొలవాలి. మీటరు అంతకన్నా ఎన్నో రెట్లు చూపించినా, ఏమీ చూపించకపోయినా లోపల తీగ తెగిందన్నమాట. మళ్ళీ చుట్టించవచ్చు, వాయించేవాడికి ఆ పికప్ చాలు. దాచుకునేవాడికి మాత్రం అది సగం పోయినట్టే.

గుంతలు చూడడం నాకు నేర్పింది గిటార్ మనిషి కాదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయన. ఒకే పనస చెక్కను తొలిచి వీణ చేస్తారు వాళ్ళు. పాత వీణ రిపేరుకు వస్తే ఆయన పైన నగిషీ చూడరు, కుండ లోపలికి వేళ్ళు పోనిచ్చి ఉలి గాట్లు తడుముతారు. ఎవరి ఉలి ఎలా తిరుగుతుందో ఆయన వేళ్ళకు తెలుసు. బేస్‌లోనూ అంతే. ఫ్యాక్టరీలో మెషీన్‌తో తొలిచిన గుంతకు గోడలు నున్నగా, మూలలు గుండ్రంగా ఉంటాయి. ఉలి గాట్లు, చీలిన పోగులు, రంగు లేని పచ్చి చెక్క కనిపిస్తే అక్కడ తర్వాత ఎవరో చెయ్యి పెట్టారు. ఎక్కువగా వేరే రకం పికప్ పట్టించడానికే ఆ పని చేస్తారు. ఆ దెబ్బ తిరిగి మానేది కాదు.

రంగు సంగతి. 1968 వరకు ఫెండర్ మీద నైట్రో లాకర్ అనే వార్నిష్ పల్చగా ఉండేది. అది వయసుతో పసుపు తిరుగుతుంది, సన్నగా బీటలు తీస్తుంది, చెయ్యి ఆనేచోట అరిగి చెక్క కనిపిస్తుంది. తర్వాత మందపాటి పాలియెస్టర్ వచ్చింది, అది అరగదు, దెబ్బ తగిలితే గాజు పెచ్చులా లేస్తుంది. 1962 బేస్ మీద గాజు లాంటి మందపాటి పూత ఉంటే రంగు మళ్ళీ వేయించారని అర్థం. పిక్‌గార్డ్ కింద, నెక్ గుంతలో, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) కింద రంగు ఒకటేనా చూడండి. ఎండ తగలని చోట రంగు కాస్త చిక్కగా ఉండడం మంచి గుర్తే, వేరే రంగు ఉండడం మాత్రం చెడ్డ గుర్తు. రంగు మార్చిన ఫెండర్‌కు మార్కెట్‌లో దాదాపు సగం ధరే పలుకుతుంది. అందుకే పాత రంగు ఎంత అరిగినా మళ్ళీ వేయించవద్దని నా దగ్గరికి వచ్చినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడతాను.

గోధుమ రంగు మచ్చల పిక్‌గార్డ్‌ను తాబేలు డిప్ప అంటారు కానీ అది ప్లాస్టిక్. 1960ల మొదట్లోది సెల్యులాయిడ్, ఏళ్ళు గడిచేకొద్దీ ముడుచుకుపోయి స్క్రూల దగ్గర పగులుతుంది. పాత బేస్ మీద అది కొత్తలా సరిగ్గా అతుక్కుని ఉంటే అనుమానించండి. పికప్ మీద, బ్రిడ్జ్ మీద ఒకప్పుడు మెరిసే ఇనుప మూతలు ఉండేవి. వాయించేవాళ్ళు వాటిని తీసి పారేసేవారు. మూతలు లేకపోయినా వాటి స్క్రూ రంధ్రాలు ఉండాలి. వేళ్ళు ఆనించుకునే చిన్న పట్టీ 1974 వరకు సన్న తీగ కింద ఉండేది, తర్వాత లావు తీగ వైపుకు మారింది. పాతదని చెప్పే బాడీకి ఈ రంధ్రాలు ఏవీ లేకపోతే అవి రంగు కింద పూడిపోయి ఉండాలి, లేదా ఆ బాడీయే పాతది కాదు.

అమ్మేవాళ్ళు తొందరపెడితే ఇవన్నీ చూడడం కుదరదు. అప్పుడు నెక్ అడుగు, పాట్ల వీపు, ఈ రెండూ చూడండి. ఫోన్‌లో ఫొటోలు అడిగేటప్పుడూ అవే అడగండి. పంపనన్న వాళ్ళకు అడ్వాన్స్ పంపకండి.

వాయించి చూడడం మరచిపోయేవాళ్ళు కూడా ఉన్నారు, తేదీల మోజులో పడి. బాడీ వైపు నుంచి నెక్ పొడవునా ఒక కన్నుతో చూడండి, మెలిక తిరిగి ఉంటే తెలిసిపోతుంది. లావు తీగను మొదటి ఫ్రెట్ మీద, చివరి ఫ్రెట్ మీద ఒకేసారి నొక్కి ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టే. ఎక్కువుంటే లోపలి ట్రస్ రాడ్, అంటే నెక్ వంపు సరిచేసే ఇనుప కడ్డీ తిప్పాలి. పాత ఫెండర్లలో దాని తల నెక్ అడుగున ఉంటుంది కాబట్టి నెక్ విప్పినప్పుడే అది తిరుగుతోందో లేదో చూసుకోవాలి. మన సముద్రపు గాలికి అది తుప్పు పట్టి బిగుసుకుపోతే, బలవంతంగా తిప్పితే విరిగిపోతుంది. అలాంటి నెక్‌కు ఎంత పేరున్నా నేను వద్దంటాను. సన్న తీగ మీద అయిదు, ఆరు, ఏడు ఫ్రెట్ల దగ్గర ఏదో ఒక స్వరం త్వరగా ఆరిపోవడం ఈ రకం బేసుల్లో మామూలే, దానికి భయపడొద్దు. భుజానికి తగిలించుకుని పావుగంట నిలబడండి. కొన్ని డెబ్భైల బేసులు అయిదు కిలోల దాకా తూగుతాయి. రాత్రి పదింటికి మొదలై రెండింటి దాకా సాగే స్టేజీ మీద ఆ బరువు నడుముకు తెలుస్తుంది.

మళ్ళీ బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. స్క్రూను రంధ్రంలో పెట్టగానే కుడికి తిప్పకండి. ముందు ఎడమకు నెమ్మదిగా తిప్పితే ఒకచోట టక్కుమని పాత మరలోకి దిగుతుంది, అప్పుడు కుడికి బిగించండి. ఇలా చేయకపోతే ప్రతిసారీ చెక్కలో కొత్త మర పడి, కొన్నాళ్ళకు రంధ్రం వదులైపోతుంది.

కొన్నాక దేన్నీ మెరిపించకండి. తుప్పు పట్టిన స్క్రూ తీసి కొత్తది వేయకండి. వాయించడానికి ఏదైనా మార్చాల్సి వస్తే తీసిన ముక్కను కవరులో వేసి, దాని మీద తేదీ రాసి కేసులోనే ఉంచండి. వానాకాలంలో కేసులో సిలికా జెల్ సంచులు రెండు వేసి, నెలకొకసారి మార్చండి. గోడకు ఆనించి నిలబెట్టొద్దు, తడి గోడ నుంచే నెక్‌లోకి దిగుతుంది.

మా మేనల్లుడు ఆ స్టిక్కర్ గీకేస్తానన్నాడు. వద్దన్నాను. గీకితే కింద ఉన్న పాత పేరు నీడ కూడా పోతుంది. దానికి బదులు కేసు మూత లోపల ఒక కాగితం అతికించాం. తయారీ ఐబనీజ్, 1976 ఆగస్టు, ప్లేటు నంబరు ఇది. హెడ్‌స్టాక్ మీది ఫెండర్ స్టిక్కర్ తర్వాత అతికించినది. పికప్‌లు, పాట్లు, వైరింగ్, రంగు ఫ్యాక్టరీవి. ఫ్రెట్లు అరిగాయి, మార్చలేదు. 1984 నుంచి ఖరగ్‌పూర్, తర్వాత ఆమదాలవలస. కింద మేనల్లుడు సంతకం పెట్టాడు, సాక్షిగా నేను పెట్టాను.